ఆరంగుళాల వరస

డ్రిల్లు గుయ్యిమన్న ప్రతిసారీ ఆమె గోడకున్న ప్లగ్గు వైపు చూస్తోంది.

బావ పైపు మీద గీత గీసి, చిల్లు వేసి, ఆరంగుళాలు జరిగి మళ్లీ వేస్తున్నాడు. మట్టి లేకుండా, పైపుల్లో పారే నీళ్లతోనే పాలకూర పెంచే షెడ్డు అది. ఏడాదిగా బోరులో ఉప్పునీళ్లే పడుతున్నాయి. ఆ నీళ్లకు మొక్కల్ని ఎంతెంత ఎడంగా పెడితే బతుకుతాయో తేల్చుకుందామని ఆరు, తొమ్మిది, పన్నెండు అంగుళాల దూరంతో మూడు వరసలు వేశారు. నెల తిరిగేసరికి ఆరంగుళాల వరసే గెలిచింది. ఒక్క మొక్కా చావలేదు. పన్నెండంగుళాల వరసా బతికింది గానీ, దాంట్లో పట్టేవి సగం మొక్కలే.

చావకపోవడమేమిటి! ఇరవై నాలుగింటిలో తొమ్మిది చచ్చాయి. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

పదేళ్లు నర్సరీలో పనిచేసిన చెయ్యి ఆమెది. వాడిన మొక్క కంటపడితే పీకేసి, మంచినీళ్ల తొట్టిలోంచి కొత్త మొక్క తెచ్చి పెట్టెయ్యడం అలవాటు. మొదటి రెండూ అలా పరధ్యానంగానే మార్చింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. కానీ అప్పటికే బావ ఆ వరసను చూసి మురిసిపోతున్నాడు. మిగతా ఏడూ తెలిసే మార్చింది.

"ఏం మరదలా, మొహం అలా వేలాడేశావు? మీ అక్క కాఫీలో కూడా బోరునీళ్లే పోసిందా?"

"ఏం లేదు బావా."

"అయితే ఈ కొలత టేపు చివర పట్టుకో. నీ హస్తవాసే ఇదంతా! ఎవరడిగినా అదే చెప్తున్నా."

ఆమె పట్టుకుంది. మరో చిల్లు పడింది. ఉన్నవి నలభై పైపులే. ఈ పంట పోతే షెడ్డుకు తాళం వెయ్యడమే. పన్నెండో పైపు పూర్తయింది. బావ పదమూడోదాన్ని లాక్కున్నాడు.

ఆమె గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేసింది.

"కరెంటు పోయిందా?"

"నేనే తీశాను బావా. ఆ వరసలో తొమ్మిది చచ్చాయి. నేను మార్చేశాను."

బావ డ్రిల్లు కింద పెట్టాడు.

"నెల రోజులూ నా పక్కనే ఉన్నావుగా?"

"అడిగితే చెప్దామనుకున్నా."

"ఏమని అడగాలి? చచ్చినవాటిని ఎక్కడ దాచావమ్మా అని అడగాలా?"

చిల్లులు పడిన పన్నెండు పైపులకూ చిల్లు విడిచి చిల్లు అంటించే టేపుతో మూసెయ్యమన్నాడు బావ. మిగతావాటికి పన్నెండేసి అంగుళాలు కొలుచుకుని తనే చిల్లులు వేసుకున్నాడు. కొలత టేపు చివర పట్టుకోమని మళ్లీ అడగలేదు.

నాట్లు పూర్తయిన వారానికి, ఆమె పొద్దున్నే మొక్కలు లెక్కపెట్టడానికి వెళ్లేసరికి అక్క వరసల మధ్య వంగి ఉంది.

"మీ బావ నన్ను లెక్కపెట్టమన్నారే," అంది అక్క, తలెత్తకుండా. "నువ్వు తొట్టి వైపు వెళ్లొద్దట."

"సరే అక్కా."

అక్కకు అలవాటు లేని పని. పదిహేను దాకా లెక్కపెట్టి, తడబడి, మళ్లీ మొదటికొచ్చింది. చివరి వరసలో ఒక మొక్క తల వాల్చేసింది. అక్క దాన్ని ఇంకా చూడలేదు.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.