మడాకు మందు

స్వర్ణ నోరు జారింది ఒక్కసారే. నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబులో ఆమె పని. నాన్న కామాక్షయ్య పడవలో సరస్సులోకి వెళ్లి, ఉప్పునీట పెరిగే మడ చెట్ల నుంచి కోసుకొచ్చిన మడాకు రసం, గాజు పళ్లెంలోని నోటి కేన్సర్ కణాల మీద వేస్తే అవి చచ్చాయి. ఆ సంబరంలో ఇంటికొచ్చి చెప్పింది. పళ్లెం సంగతి చెప్పిందో లేదో ఆమెకే గుర్తులేదు. కామాక్షయ్య మాత్రం సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ చాటింపు వేశాడు.

ఆరు నెలలకు అమ్మ మస్తానమ్మ బుగ్గలో పుండు తేలింది. చేపలమ్మేటప్పుడు ఆకలి తెలియకుండా పొగాకు ముద్ద అదిమిపెట్టుకునే చోటే. కేన్సరేనని, త్వరగా కోసి తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. మస్తానమ్మ ఇంటికొచ్చి పొగాకు పారేసి, అదే బుగ్గన మడాకు ముద్ద పెట్టుకుంది.

"నువ్వే గదా చెప్పినావు?"

"అది పళ్లెంలోనమ్మా! పళ్లెంలో ఉప్పు గుమ్మరించినా చస్తాయి. మనిషికి పనిచేస్తుందో లేదో తేలాలంటే ఏళ్లు పడతాది."

"నన్ను కోతకు పంపాలని అబద్ధం చెప్తా ఉండావు."

స్వర్ణ కాళ్లావేళ్లా పడింది, అరిచింది, ఏడ్చింది. ఒళ్లు మండిపోయేది. కానీ తిట్టుకోవాలంటే తననే తిట్టుకోవాలి. నెల తిరిగేసరికి, తెరిస్తే మూడు వేళ్లు పట్టే అమ్మ నోరు బిగుసుకుపోయి రెండు వేళ్లే పట్టాయి.

ఆ రోజు నిజం చెప్పీ చెప్పీ విసిగిపోయింది. "ఆపరేషన్ చేసి, ఆ గాయంలో మన మడాకు మందే పెడతారంటమ్మా," అంది.

మస్తానమ్మ లేచి కొత్త చీర కట్టుకుంది.

నెల్లూరు బస్సులో ఇద్దరూ కూర్చున్నారు. కింద కామాక్షయ్య పక్కింటి పెంచల్‌తో గొప్పలు పోతున్నాడు. పెంచల్ బుగ్గలోనూ తెల్లమచ్చ ఉంది, వదిలేస్తే కేన్సర్ కావచ్చు. స్వర్ణే పోరిపోరి ఒప్పించింది, ఎల్లుండి ఆస్పత్రికి పరీక్షకు పోవాలి.

"పెద్దాస్పత్రిలో కూడా మన ఆకేనంట రా!"

పెంచల్ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "నిజమేనా పాపా? అయితే నాకు ఆస్పత్రి దేనికి? మీ నాయన ఆకు తెచ్చిస్తే చాలు గదా?"

మస్తానమ్మ సంచీ పట్టుకుని కూతురి ముఖంలోకి చూసింది. కాదంటే ఇప్పుడే దిగిపోతుంది. అవునంటే పెంచల్ ఇక పోడు. తిరిగొచ్చాక నిజం చెప్తే నమ్ముతాడా? అమ్మ నమ్మిందా?

"నిజమే చిన్నాయనా," అంది స్వర్ణ.

బస్సు కదిలింది. పెంచల్ నవ్వుతూ చెయ్యి ఊపాడు.