కాటా మీద అత్తయ్య

నూజివీడు మామిడి రైతుల్లో సగం మందికి మా శారద అత్తయ్య బరువెంతో తెలుసు. కల్పించి చెప్పడం లేదు. శేషగిరిరావు మామయ్య మండీలో సీజను నడిచినన్నాళ్లూ పొద్దున్నే అందరికంటే ముందు కాటా ఎక్కేది అత్తయ్యే. ట్రేల మీద ట్రేలు పేర్చినా తట్టుకునేంత పెద్ద ఎలక్ట్రానిక్ కాటా అది. అంకెలు గోడ మీద ఎర్రగా వెలుగుతాయి. ఆమె ఎక్కగానే నూట పన్నెండు కిలోలు పడాలి. పడితే కాటా సరిగ్గా ఉన్నట్టు, ఇక మొదటి లోడు దించుకోవచ్చు. అసలు తూకం రాళ్లు గోడౌన్లో ఓ మూల తుప్పు పట్టి పడున్నాయి. ఇంట్లోనే ఇంత నమ్మకమైన రాయి ఉంటే వాటిని మోసుకురావడం దేనికని మామయ్య అనేవాడట.

నాకు నమ్మబుద్ధి కాలేదు. హైదరాబాద్‌లో మా కాలేజీ అమ్మాయిలు తమ బరువు కన్నతల్లికి కూడా చెప్పరు. సిగ్గనిపించలేదా అత్తయ్యా అని అడిగితే, మొదట్లో అనిపించేదట, తర్వాత అలవాటైపోయిందట, ఆ తర్వాత మోకాళ్లు పోయాయట, షుగరు వచ్చిందట. అందుకే ఈసారి సీజనుకి ముందే విజయవాడ వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. పొట్టలో చాలా భాగం కోసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేశారని ఆమె చెబుతుంటే నా చెయ్యి నా పొట్ట మీదకి వెళ్లిపోయింది. మరి అన్నం ఎంత పడుతుంది? ఆకలి ఎటు పోతుంది? నీళ్లు గటగటా తాగితే ఏమవుతుంది? సెలవులకి వచ్చిన రోజు నుంచి ఆమె కొంగు పట్టుకుని తిరుగుతూ అడుగుతూనే ఉన్నాను. ఆమె కూడా విసుక్కోకుండా చెప్పేది. పనిలో పనిగా మామిడి వ్యాపారమూ నేర్పింది. తరుగంటే ఏంటో, కోసిన కాయ ఒక్క రోజు ఎండలో ఉంటే లోడు ఎంత తేలికవుతుందో, అన్నీ.

సీజను మొదలైంది. ఆపరేషన్ అయినా పద్ధతి మారలేదు. నిన్నటికంటే ఇవాళ కాస్త తగ్గితే కాటా సరిగ్గా ఉన్నట్టేనని మామయ్య కొత్త లెక్క పెట్టుకున్నాడు. నూట నాలుగు, నూట రెండు, నూట ఒకటి. రైతులు క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగేవాళ్లు. ఆపరేషన్ అయిన నాలుగో వారంలో ఓ పొద్దున గోడ మీద తొంభై తొమ్మిదిన్నర పడింది. రెండంకెలు! మండీ అంతా చప్పట్లు. ముసునూరు నుంచి లోడు తెచ్చిన పాల్ రాజు గారు రెండు చిన్న రసాలు ఎంచి ఆమె చేతిలో పెట్టబోయారు. నమిలే పని లేదు, జుర్రుకోవడమే కాబట్టి డాక్టరు గారి మాట దాటినట్టు కాదని ఆయన వాదన. అత్తయ్య నవ్వి వాటిని నాకిచ్చింది. రెండూ అక్కడే లాగించేశాను. అత్తయ్యని నేనంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు సరిగ్గా వంద. ఆ మర్నాడు వందా ముప్పావు.

మామయ్య లోడు దించడం ఆపేశాడు. పూటకి నాలుగు చెంచాల జావ తాగే మనిషి పెరగదు కదా, అంటే కాటాయే ఎక్కువ చూపిస్తోంది, అంటే రైతుకి లేని బరువుకి డబ్బులిస్తున్నట్టు! వెంటనే కాటా మెకానిక్‌కి ఫోన్ చేశాడు. పాల్ రాజు గారు మాత్రం ట్రాక్టరుకి ఆనుకుని నిలబడి, "ఉండనియ్యండి శేషగిరిరావు గారూ, ఇన్నాళ్లకి మా మీద దయ పుట్టింది ఆ కాటాకి," అన్నారు.

మెకానిక్ వచ్చాడు, విప్పి చూశాడు, తన రాళ్లు పెట్టి చూశాడు. కాటాలో ఏ తేడా లేదని తేల్చాడు. అప్పుడు అందరి చూపూ కాటా మీది నుంచి అత్తయ్య మీదకి మళ్లింది.

"నిజం చెప్పు శారదా," అన్నాడు మామయ్య, అంతమంది ముందూ. "ఏమన్నా తిన్నావా?"

ఆమె చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసింది.

తర్వాత రెండు రోజులకి గోడ మీద తొంభై తొమ్మిది చిల్లర పడింది. మామయ్య ముఖం విప్పారింది. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. అత్తయ్య పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుర్చీలోంచి లేస్తే తలుపు పట్టుకుంటోంది. ఆస్పత్రి వాళ్లు గంట గంటకీ గీతలున్న నీళ్ల సీసా ఒకటి ఇచ్చారు, రోజంతా గుక్కగుక్కగా తాగాలని. పొద్దున నేను నింపినప్పుడు నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో మధ్యాహ్నమూ అక్కడే ఉన్నాయి. ఎందుకు తాగలేదంటే కాటా ఎక్కి దిగాక తాగుతానంది. దిగి చాలాసేపైంది కదా అంటే, రేపు మళ్లీ ఎక్కాలి కదే అంది.

అంతలోనే వంటింట్లో కళ్లు తిరిగి గట్టు పట్టుకుని కూలబడింది. ఆస్పత్రి డైటీషియన్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆవిడ కంగారు పెట్టకుండా, కానీ గట్టిగా చెప్పారు. వెంటనే గుక్కగుక్కగా నీళ్లు మొదలుపెట్టాలి, కడుపులో నీళ్లు నిలవకపోయినా, సాయంత్రానికి కళ్లు తిరగడం తగ్గకపోయినా తీసుకొచ్చేయాలి, సెలైన్ పెడతాం. ఈ ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు వారాలకి బరువు ఆగిపోవడం, ఓ కిలో వెనక్కి రావడం చాలామందికి జరిగేదేనట. ఒంట్లో నీరు నిలుస్తుంది, పోతుంది. వారానికొక్కసారి చూసుకుంటే చాలు, రోజూ చూడొద్దన్నారు.

అత్తయ్య అంతా వింది. సీసా మాత్రం ముట్టుకోలేదు. "ఆవిడకేం, చెబుతుంది. పదిమందిలో కాటా ఎక్కేది నేను కదా," అంది.

ఇక నాకొచ్చింది ఒకటే, ప్రశ్న అడగడం.

"అత్తయ్యా, తరుగు పోయిందంటే కాయ తగ్గినట్టేనా?"

"కాయెందుకు తగ్గుద్దే? నీళ్లు పోతాయి. లోపల కండ కండే, టెంక టెంకే. తొక్క ముడత పడుద్ది, అంతే."

అంటూనే తన చేతి మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"అయితే ఈ రెండ్రోజులూ నేను తగ్గలేదా?" అంది మెల్లగా.

"తరుగు పోయావు," అన్నాను.

నవ్వబోయి, నవ్వడానికీ ఓపిక లేక, సీసా కోసం చెయ్యి చాపింది. ఆ మధ్యాహ్నమంతా పక్కనే కూర్చున్నాను. ఒక గుక్క, కాసేపు ఆగడం, మళ్లీ ఒక గుక్క. ఆ గొట్టంలోంచి నీళ్లు ఎంత నెమ్మదిగా దిగుతున్నాయో ఊహించుకుంటూ ఉండిపోయాను. సాయంత్రానికి తలుపు పట్టుకోకుండా లేచి నిలబడింది.

మర్నాడు సీసా చేతబట్టుకునే మండీకి వచ్చింది. దాన్ని నాకిచ్చి కాటా ఎక్కింది. వంద కిలోల నాలుగు వందల గ్రాములు. గోడ మీద ఆ అంకెలు చూసి మామయ్య నోరు తెరిచాడు.

"మెకానిక్‌ని పిలవకండి," అంది అత్తయ్య, కాటా మీది నుంచే. "కాటా బానే ఉంది, నేనూ బానే ఉన్నాను. నిన్న నీళ్లు తాగాను, పెరిగాను. రేపు తగ్గొచ్చు, ఎల్లుండి మళ్లీ పెరగొచ్చు. ఇక మీ కాటాకి రాయిని నేను కాదండీ. గోడౌన్లోవి తెప్పించుకోండి."

అత్తయ్య కాటా దిగి నా చేతిలోని సీసా తీసుకుంది. నేను ఉండబట్టలేక, ఇంతకుముందు రోజూ ఖచ్చితంగా నూట పన్నెండే పడేదా అని మామయ్యని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు. కిలో అటూ ఇటూ ఉండేదట. నూట పన్నెండులో కిలో ఎవరు చూస్తారని పట్టించుకోలేదట. అంటే అప్పుడూ పెరిగేది, తగ్గేది, ఏ ఒక్కరూ తిన్నావా అని అడగలేదన్నమాట. ఆ మాట పైకి అనలేదు. ఆయనకి ఎక్కడో తగిలినట్టుంది, హమాలీలని పిలవకుండా తనే గోడౌన్లోకి వెళ్లి, ఆ ఇరవయ్యేసి కిలోల ఇనప రాళ్లు ఐదూ ఒక్కొక్కటే మోసుకొచ్చి, భుజం మీది తువ్వాలుతో తుప్పు తుడిచి కాటా మీద పెట్టాడు. గోడ మీద సరిగ్గా వంద పడింది.

పాల్ రాజు గారు తన లోడు వైపు చూశారు, అత్తయ్య చేతిలోని సీసా వైపు చూశారు.

"అమ్మగారూ, ఆ రాళ్లక్కూడా రెండు గుక్కలు పట్టించరాదూ, కాటాకి మళ్లీ మా మీద దయ పుడుతుంది," అన్నారు.

అత్తయ్య నవ్వింది. మూత తీసి, తనే ఒక గుక్క తాగింది.