తేటనీళ్లు

తొంభై నాలుగులో నేను గద్వాల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. చెప్పడమంటే నాకు మహా సరదా. విన్నవాళ్లకు ఏం అర్థమైందో కనుక్కునే అలవాటు మాత్రం లేదు.

రామస్వామి మగ్గాలకు వెళ్లే నూలుకు రంగులద్దేవాడు. అతను పారబోసే రంగునీళ్లు ఇంకి, పక్కింట్లో ఉండే చెల్లెలు ఈరమ్మ బావి ఎర్రబారింది. మూడేళ్లుగా ఆమె అన్నతో మాట్లాడలేదు.

"నా చెల్లె మాట్లాడితే సాలు సార్. ఈ నీళ్లకు ఏమన్న ఉపాయం చెప్పుండ్రి" అని అతను నా వెంటపడ్డాడు.

తొట్టిలో రంగునీళ్లు పోయించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, హైదరాబాద్ నుంచి తెచ్చిన అతినీలలోహిత దీపం వెలిగించాను. సాయంత్రానికి ఎరుపు గులాబీ అయింది, గులాబీ కూడా పోయింది.

"ఆ కాంతికి మందు విరిగి, రంగును తుంచేస్తుంది. నీళ్లు తేటపడ్డాయి చూడు" అన్నాను గొప్పగా.

తేట అంటే నాకు రంగు లేనిది. వాళ్ల ఇళ్లలో తేట అంటే తాగేది. పరీక్ష కోసం ఒక సీసాలో నీళ్లు పట్టుకుని వెళ్లిపోయాను. అంతదాకా ముట్టొద్దని చెప్పలేదు.

రామస్వామి తనకు తెలిసిన పరీక్ష తాను చేశాడు. తెల్ల నూలు చుట్ట, వాళ్ల మాటలో చిలప, ఒకటి ఆ నీళ్లలో ముంచి ఆరబెట్టాడు. మరక పడలేదు. మర్నాడు ఆ చిలపను భుజాన వేసుకుని, రెండు బకెట్ల నీళ్లు మోసుకెళ్లి చెల్లెలి చూడి ఆవు ముందు పెట్టాడు. ఈరమ్మ చిలపను వెలుతురుకు పట్టి చూసింది, వద్దనలేదు. ఎర్రరంగు అద్దకంలో వాడే నైట్రైటు ఉప్పు ఆ నీళ్లలోంచి ఎక్కడికీ పోలేదు, నైట్రేటుగా మారిందంతే; పశువు కడుపులో ఎక్కువగా పడితే అదీ విషమే. ఉప్పదనం రుచించి ఆవు రెండు బకెట్లూ అడుగంటా తాగింది.

నేను వెళ్లేసరికి ఆవు చనిపోయి ఉంది. పశువుల డాక్టరు దాని కడుపు మీద చేయి వేసి, దూడ కూడా దక్కలేదన్నాడు. రామస్వామి చిలపను గుప్పిట్లో నలుపుతూ, "మరక లేకుండె సార్, నేను సూసిన" అంటూనే ఉన్నాడు. తప్పు నాదేనని చెప్పాను, ఎవరూ వినలేదు.

ఈరమ్మ అన్న వైపు తిరిగింది. మూడేళ్ల తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"నీ ఎర్రనీళ్లే నయముండె అన్నా. కండ్లకు గనపడుతుండె, ఆవును అవతలికి కొట్టుకుంటుంటి."