నిమ్మకాయ గడియారం

నిమ్మకాయ ఆకారంలో ఉన్న, నిమిషాలు లెక్కపెట్టే వంటింటి గడియారాన్ని చేత్తో తిప్పి బల్ల మీద పెట్టి, గ్లెనిస్ కొత్త పాఠం తెరిచింది. ఆటిజం ఉన్న పిల్లలకు దిగులూ కంగారూ తగ్గడానికి స్వాన్సీ ఊళ్లో ఆమె పనిచేసే క్లినిక్ ఆన్‌లైన్‌లో చిన్న పాఠాలు పంపుతుంది. ప్రతిదాన్నీ ముందు తనే చేసి చూస్తుంది గ్లెనిస్. ఎవరూ చెయ్యమనలేదు. "పాఠానికి సుమారు అరగంట" అని రాస్తే ఆ పిల్లలకు ఒళ్లు మండుతుంది, మండదూ మరి! పాఠంతో పాటు ఆమె పంపే ఉత్తరంలో "ఇరవై ఎనిమిది నిమిషాలు" అని ఉంటుంది. ఏ బొత్తాం ఏ రంగులో ఉంటుందో, నొక్కితే ఏమొస్తుందో కూడా ఉంటుంది. డిగ్రీలున్న వాళ్లెవరికీ ఇది తోచలేదు.

అరవై ఆరేళ్ల పొట్టి మనిషి. ఊదారంగు స్వెట్టర్‌కు మోచేతుల దగ్గర అతుకులు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే కుర్చీ. మొదట్లో ఫోన్లు చేసేది. ఫోనంటేనే బెదిరే పిల్లలకు ఫోనేమిటని తనే రెండు వేళ్లతో టైపు నేర్చుకుంది. భర్త ఎమ్లిన్ చనిపోయిన వారం తప్ప పని మానింది లేదు. ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది. రేపటినుంచి ఉత్తరాలు కంప్యూటరే పంపుతుందట.

ఒక్క మాబ్లీ సంగతే తేలలేదు. ఆ పదహారేళ్ల అమ్మాయి బడి మానేసి రెండు నెలలైంది. డాక్టరు దగ్గర వంతు రావడానికి ఇంకా పదకొండు నెలలు. అప్పటిదాకా ఈ పాఠమే దిక్కు. నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగుసార్లూ చివరి ప్రశ్న దగ్గర ఆపేసింది. "మీలాగే బాధపడుతున్న ఒక అమ్మాయికి సలహా రాయండి" అన్నది ఆ ప్రశ్న. ఇవాళ పొద్దున్న మాబ్లీ రాసింది: "ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. తెలియని మనిషికి ఏం చెప్పను?"

"నిజమే కదయ్యా! లేని మనిషికి సలహా ఏమిటి?" అంది గ్లెనిస్, పాఠాలు తయారుచేసే కుర్ర సైకాలజిస్టు రోడ్రితో. "ఉన్న మనిషిని ఇద్దాం. నేనున్నాగా."

"మన సొంత గొడవలు పిల్లలకు రాయకూడదు గ్లెనిస్. రూలు."

"రాస్తే ఏం చేస్తావు, ఉద్యోగంలోంచి పీకేస్తావా? ఐదింటికి నేనే పోతున్నా."

రోడ్రికి నవ్వాగలేదు. ఆమె కాల్చుకొచ్చిన ఎండుద్రాక్షల కేకు అప్పటికే అతని నోట్లో ఉంది. "సరే, పంపేముందు నాకు చూపించండి."

గ్లెనిస్ రెండు వేళ్లతో రాసింది: "మాబ్లీ, నీకు ఉత్తరాలు రాసేది నేనే. నా పేరు గ్లెనిస్. నిజంగా ఉన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ గదికి వస్తున్నాను. రేపటినుంచి రానక్కర్లేదు. రేపు పొద్దున్న ఎనిమిది నలభైకి, రోజూ నా బస్సొచ్చే వేళకి, ఏం చెయ్యాలో తెలియక భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు? ఐదింటిదాకా ఇక్కడే ఉంటాను. జవాబు రాయకపోయినా పర్వాలేదు."

చదివి రోడ్రి పంపమని తలూపాడు. ఆమెకు భయమన్న సంగతి అతనికి తెలియదు. రాసేదాకా ఆమెకూ సరిగ్గా తెలియదు.

మధ్యాహ్నం అందరూ వచ్చి పూలిచ్చారు, ఫొటోలు తీసుకున్నారు. గ్లెనిస్ నవ్వుతూనే కళ్లు తెర మీద ఉంచింది. బయట వాన పడుతూనే ఉంది. ఐదింటికి పది నిమిషాలుందనగా, పాఠంలోని చివరి ప్రశ్న కింద మాబ్లీ జవాబు వచ్చింది.

"నేను బడి మారినప్పుడు నాకూ ఇలాగే అయింది. ఒక్కసారిగా పోకండి. మీ వస్తువొకటి అక్కడే ఉంచండి. అప్పుడు సగమే వెళ్లినట్టు. నేను పాత బడి డెస్కులో నా స్కేలు ఉంచాను. ఇంకా ఉంది, కనుక్కున్నాను. రేపు రోజూ ఎక్కే బస్సే ఎక్కండి. ఒక స్టాపు ముందు దిగి టీ తాగండి. నేనూ రేపు బస్సెక్కి చూస్తాను. బడికి కాదు. ఒక్క స్టాపు వరకే."

కింద "పాఠం పూర్తయింది" అని పడింది. గ్లెనిస్‌కు ఏడుపొచ్చింది. ఏడ్చింది.

తర్వాత కప్పూ, చెప్పులూ, ఎమ్లిన్ ఫొటో సంచిలో సర్దుకుంది. అన్నిటికంటే పైన గడియారం పెట్టింది. తలుపుదాకా వెళ్లి ఆగి, దాన్ని తీసి, ఇరవై ఎనిమిది దాకా తిప్పి బల్ల మీద ఉంచి, దీపం ఆర్పి వెళ్లిపోయింది.

ఖాళీ కుర్చీ ముందు నిమ్మకాయ గడియారం టిక్కుటిక్కుమంటూ ఉంది.