లేని చుక్కని చూపించిన బోర్డు

నేను ఒక ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డుని. గాజుబట్ట పలక మీద రాగిరేకు అంటించి, అక్కర్లేని రాగిని మందునీళ్లతో కరిగించేస్తే మిగిలిన సన్నని గీతలే నా ప్రాణం. వాటిలో ఒకదాంట్లో కరెంటు సెకనుకి పది కోట్ల సార్లు కొట్టుకుంటుంది. నా ఒంట్లో జరిగేదే అయినా, తలుచుకుంటే నాకే ఒళ్లు జలదరిస్తుంది.

నన్ను గీసింది పురుషోత్తం గారు. చర్లపల్లిలో ఓ చిన్న కంపెనీలో ఇరవై రెండేళ్లుగా అదే పని. ఆయన గీతలు నూనె రాసి దువ్విన జుట్టులా పక్కపక్కనే, ఒద్దికగా పోతాయి. చూసినవాళ్లంతా ముచ్చటపడేవారు. తీరుగా కనిపిస్తే చాలు, లోపల సంగతి మనుషులు అడగరు.

నేను చేరాల్సింది పసిబిడ్డల గుండెని తెర మీద చూపించే స్కానింగ్ మిషన్‌లో. నీరజాక్షి అనే ఇంజనీరమ్మ నాలుగేళ్లుగా దానికోసమే కష్టపడుతోంది. పరీక్షించడానికి పిల్లల డాక్టరు సువార్తమ్మ గారొచ్చారు. మనిషి ఒంటికి బదులుగా పరీక్షకి వాడే, లోపల ఏమీ లేని మెత్తటి జిగురుదిమ్మ మీద స్కానర్ ఆనించారు. తెర మీద ఒక తెల్లచుక్క!

"లేని జబ్బుని చూపించే మిషన్ పెట్టుకుని ఏ తల్లినీ ఏడిపించలేనమ్మా," అన్నారావిడ. "నెలరోజుల్లో ఆ చుక్క పోవాలి. లేదంటే వద్దని రాసేస్తాను."

నీరజాక్షి నన్ను బల్ల మీద పడుకోబెట్టి నా గీతల్ని ఒక్కొక్కటిగా ఆపుతూ వచ్చింది. ఆ పది కోట్ల గీత నోరు మూయగానే చుక్క మాయమైంది. దాని పక్కనే నాలుగంగుళాల మేర, గుండె నుంచి తిరిగొచ్చే చిన్న ప్రతిధ్వనిని మోసే గీత ఉంది. ఒకటి అరుస్తోంది, రెండోది వింటోంది.

"రెండు గీతలూ అంటుకోలేదు కదమ్మా!" పురుషోత్తం గారి మొహం ఎర్రబడింది.

"మీ పక్కింటావిడ మిక్సీ మీ గోడకి అంటుకునుందాండీ? మీకు వినపడట్లేదూ?"

"గీతల్ని దూరం జరిపితే బోర్డు పెద్దదవుతుంది. పెట్టెలో పట్టకపోతే మళ్లీ నన్నే అంటారు."

"అన్నీ వద్దులెండి. అరిచేదాన్నీ వినేదాన్నీ విడదీద్దాం, చాలు."

నా అడుగున గ్రౌండ్ అనే రాగిపొర ఉంది. గీతలో వెళ్లిన కరెంటు ఆ పొరలో, సరిగ్గా ఆ గీత కిందుగానే, నీడలా వెనక్కొస్తుందట. ఎవరు చెప్పారో దానికి దారి! పురుషోత్తం గారు ఇంకో గీతకి చోటివ్వడానికి ఆ పొరని మధ్యలో చీల్చారు. నీడ ఆ చీలిక చుట్టూ తిరిగి రావలసి వచ్చి, దార్లో ఉన్న గీతలన్నింటినీ పలకరించింది. ఇదంతా నీరజాక్షి చెబుతుంటే ఆయన కళ్లజోడు తుడుచుకుని, నన్ను తిరగేసి చూశారు.

"ఇన్నేళ్లూ నేను పై గీతలే చూశానమ్మా," అన్నారు మెల్లిగా.

కొత్త బోర్డుని తనే గీశారు. రెండు గీతల మధ్య ఎడం మూడింతలు చేశారు. ఒకదాని గోల ఒకదానికి తగలకుండా, ఒక పొర గీతలు అడ్డంగా పోతే, పక్క పొరవి నిలువుగా దాటించారు. చీలిక పూడ్చారు. చూడ్డానికి దిష్టి తీసి పారేసినట్టుంది పాపం, నా చెల్లెలు.

గడువు రోజున సువార్తమ్మ గారు స్కానర్ దిమ్మ మీద నాలుగువైపులా తిప్పారు. తెర నల్లగా, ఖాళీగా ఉంది.

"దిమ్మ మార్చారేమో! పాత బోర్డు పెట్టండి," అన్నారావిడ.

నన్ను బిగించారు. అదే దిమ్మ, అదే చోట నా తెల్లచుక్క. సిగ్గుపడాలో గర్వపడాలో తెలియలేదు. మళ్లీ చెల్లెల్ని పెట్టారు. ఏమీ లేదు. చదువుకున్న ముగ్గురు మనుషులు ఏమీ లేని తెరకేసి దీపారాధన చూస్తున్నట్టు చూశారు. డాక్టరమ్మ సంతకం పెట్టేశారు.

నన్ను పారేస్తారనుకున్నాను. నీరజాక్షి ఒప్పుకోలేదు. ఇప్పుడు కొత్తగా వచ్చే ప్రతి బోర్డుకీ ముందు నన్నే పెడతారు. నా చుక్క కనిపించి, పరీక్ష సరిగ్గానే ఉందని తేలితేనే దాని వంతు. రోజూ ఒకే అబద్ధం చెబుతాను. దాన్ని నమ్ముకునే, ఎక్కడో ఒక డాక్టరు ఒక తల్లితో "ఏమీ లేదమ్మా" అనగలుగుతారు.