ఎంగిలి స్కాచ్

స్కాచ్ అన్న మాట వాడాల్సిన చోట వాడితే ఎల్స్‌పెత్ గెడ్డీస్‌కి ఏ అభ్యంతరమూ లేదు. సీసాలో ఉండేది స్కాచ్. బార్లీ గింజలూ గొర్రె ఎముకలూ వేసి కాచే పులుసు స్కాచ్. ఖైమా తొడిగి నూనెలో వేయించిన గుడ్డు స్కాచ్. కొండల మీద నుంచి దిగి, వానో మంచో తేల్చకుండా రోజంతా ఒళ్ళు తడిపే ముసురు కూడా స్కాచే. మనిషిని పట్టుకుని స్కాచ్ అంటే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. మనుషులు స్కాట్‌లు, స్కాచ్‌లు కారు. స్కాట్లండులో, స్పే నది ఒడ్డున పుట్టిన ఎవరికైనా అంతే.

హోటల్ కొత్త యజమాని పర్విస్‌కి ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"మీ స్కాచ్ వాళ్ళకి నవ్వడం రాదేమిటండీ?" అన్నాడు వచ్చిన మొదటి వారమే, వంటగది గుమ్మంలో నిలబడి.

"నవ్వొచ్చే మాట ఎవరైనా అంటే నవ్వుతాం సార్," అంది ఎల్స్‌పెత్, ఉల్లిపాయల మీంచి తల ఎత్తకుండానే.

పర్విస్‌ది దక్షిణ ఇంగ్లండు. పాత యజమానురాలు చనిపోయాక హోటల్ కొనుక్కుని వచ్చాడు. ఎల్స్‌పెత్ అక్కడ పంతొమ్మిదేళ్ళుగా వంట చేస్తోంది. భర్త పోయినప్పటి నుంచీ హోటల్ పెరట్లో ఉన్న రెండు గదులే ఆవిడ ఇల్లు. పని ఊడితే ఇల్లూ ఊడుతుంది. అందుకని చాలా మాటలు గొంతులోనే మింగేసేది.

ఆ వేసవిలో అతను 'స్కాచ్ విందు' మొదలుపెట్టాడు. బుధవారం, శనివారం మధ్యాహ్నాల్లో బస్సు నిండా యాత్రికులు దిగేవారు. స్కాచ్ పులుసు, స్కాచ్ గుడ్డు, పిండి డొప్పలో మాంసం కూరి కాల్చిన స్కాచ్ 'పై', ఆఖర్న గ్లాసుల్లో స్కాచ్. చిరిగిన మెనూ కార్డులకి అంటించే టేపు కూడా ఆ పేరుదే తెప్పించాడు. బుధవారం మిగిలిన పులుసుని నీళ్ళు పోసి శనివారానికి మరగబెట్టమనేవాడు. గుడ్లు చేయనిచ్చేవాడు కాదు, ఎక్కడి నుంచో అట్టపెట్టెల్లో వచ్చేవి. కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చార, దాని మీద తోలులాంటి మాంసం. వాటిని పళ్ళెంలో సర్దుతుంటే ఎల్స్‌పెత్‌కి తన చేతులంటే తనకే వెగటు పుట్టేది.

అన్నిటికన్నా కష్టం, ఆ విందులో ఆవిడ అన్నయ్య కూడా ఒక వంటకం కావడం.

ఫార్కర్‌కి డెబ్భై ఒకటి. నలభై నాలుగేళ్ళు ఊరి చివర సారా బట్టీలో ఓక్ చెక్కలు వంచి పీపాలు కట్టాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఊపిరితిత్తులు పాడై పని మానేశాక, ఊళ్ళో ఎవరూ అతన్ని ఏమీ అడిగేవాళ్ళు కాదు. పర్విస్ అతనికి అరువు తెచ్చిన కిల్టు, పాతకాలపు మగవాళ్ళు కట్టే గళ్ళ లంగా, కట్టించి, నిప్పుగూటి పక్కన ఒక ఖాళీ పీపా, సుత్తి ఇచ్చి కూర్చోబెట్టాడు. భోజనాలయ్యాక అందరి ముందూ ఒక గ్లాసు విస్కీ ఒక్క గుక్కలో తాగాలి. జనం చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకునేవారు.

"కోతిని ఆడించినట్టు ఆడిస్తున్నాడు అన్నయ్యా నిన్ను. సిగ్గనిపించట్లేదా?"

"గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగెత్తిపోయాను ఎల్సీ. గోడలకన్నా వీళ్ళు నయం."

"వీళ్ళు నీ మాట వింటున్నారా అసలు?"

వినేవాళ్ళు కాదు. ఒకసారి ఒకావిడ పీపా కింద దూర్చిన కోసు చెక్కని చూపించి అదేమిటని అడిగింది. "దాన్ని స్కాచ్ అంటారమ్మా," అన్నాడు ఫార్కర్. గదంతా గొల్లున నవ్వింది. పీపా దొర్లిపోకుండా పెట్టే అడ్డుచెక్కకి అదే పేరని అతను ఓపిగ్గా చెప్పబోయాడు. అప్పటికే పర్విస్ అతని భుజం మీద చరిచి, "చూశారా, స్కాచ్ వాడికి చెక్కలో కూడా స్కాచే కనబడుతుంది!" అన్నాడు. ఫార్కర్ కూడా నవ్వాడు. తలుపు సందులోంచి చూస్తున్న ఎల్స్‌పెత్ ఆ నవ్వు చూడలేక తలుపు మూసేసింది.

జూలైలో ఒక బుధవారం, బస్సు వెళ్ళిపోయాక, వెన్న కోసం ఆవిడ అంట్లగదిలోకి వెళ్ళింది. తొట్టి దగ్గర పర్విస్ నిలబడి ఉన్నాడు. పక్కనే యాత్రికులు వదిలేసిన గ్లాసులున్న పళ్ళెం. ఒక్కో గ్లాసులో అడుగున మిగిలినది టీ వడపోసే జల్లెడలోంచి గరాటులోకి, గరాటులోంచి సీసాలోకి వంచుతున్నాడు. ఒక గ్లాసు అంచున లిప్‌స్టిక్ మరక. ఇంకొక దానిలో సిగరెట్టు బూడిద తేలుతోంది. జల్లెడలో మాంసం 'పై' తునకలు నాని ముద్దగా ఉన్నాయి, ఆ ముద్దలో ఒక తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది. అతను జల్లెడని తొట్టి అంచుకి కొట్టి దులిపి, మళ్ళీ పెట్టాడు.

"సార్!" అంది ఎల్స్‌పెత్.

అతను ఉలిక్కిపడలేదు. "వృథా చేయడం ఎందుకండీ? విస్కీలో క్రిములు బతకవు. పొదుపు సంగతి మీ స్కాచ్ వాళ్ళకి నేను చెప్పాలా?"

ఆ సీసా మీద ఖరీదైన లేబుల్ ఉంది. ఫార్కర్‌కి పోసేది ఆ సీసాలోంచే. ఎల్స్‌పెత్ పెరట్లోకి పరిగెత్తి, చెత్తడబ్బాల పక్కన పొద్దున తిన్నదంతా కక్కేసింది.

కక్కిందే గానీ ఎవరికీ చెప్పలేదు. అంట్లు తోమే అమ్మాయి, ఐనా అని, ఆ పిల్ల చెప్పింది. అదే దృశ్యం చూసిన ఐనా మర్నాడే పని మానేసి, మాంసం కొట్లో నలుగురి మధ్యా నిలబడి చూసింది చూసినట్టు చెప్పేసింది. శుక్రవారానికి ఊరంతా పాకింది. పర్విస్ వంటగదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"ఈ పుకారుని మీరు స్కాచ్ చెయ్యాలండీ."

"ఏం చెయ్యాలి?"

"తుంచెయ్యాలి. మొదట్లోనే నొక్కెయ్యాలి. మీ వాళ్ళ పేరు మీదున్న మాటే, మీకే తెలీదా?" నవ్వాడు. "ఆ ఐనా అనే పిల్ల చెంచాలు దొంగిలిస్తే నేనే పంపించేశానని చెప్పండి. మీ మాటంటే ఊళ్ళో గురి. మీ ఇంటి ఒప్పందం కూడా వచ్చే నెలతో అయిపోతోంది కదా, చూద్దాం."

శనివారం పొద్దున మాంసం కొట్టుకి వెళ్ళింది. కొట్టతను కత్తి పక్కన పెట్టి సూటిగా అడిగేశాడు. "ఎల్స్‌పెత్, ఐనా చెప్పేది నిజమేనా?"

వెనక ముగ్గురు ఆడవాళ్ళు చెవులు రిక్కించారు. ఐనా దొంగ అనడానికి ఎల్స్‌పెత్‌కి నోరు రాలేదు. నిజమనడానికీ రాలేదు.

"నాకేం తెలుసు? నేను వంటగదిలో ఉంటాను," అంది.

"అయితే ఆ ఐనా ఊరికే కూసిందన్నమాట," అంది వెనక నుంచి ఒకావిడ. ఎల్స్‌పెత్ పొట్లం తీసుకుని బయటపడింది. దారి పొడుగునా నోట్లో చేదుగా ఉంది. రెండుసార్లు ఆగి ఉమ్మేసింది. ఆ జల్లెడలో ముద్దకీ తన నోట్లోంచి వచ్చిన మాటకీ తేడా ఏమీ కనబడలేదు.

ఆ మధ్యాహ్నం నలభై మంది దిగారు. పులుసు, గుడ్డు, పై అన్నీ యథాప్రకారం అయ్యాయి. పర్విస్ ఆ సీసా ఎత్తి అందరికీ చూపించి, ఫార్కర్ గ్లాసు నిండా పోశాడు. ఫార్కర్ లేచి నిలబడి గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు. ఎల్స్‌పెత్ ఏప్రన్‌తోనే వంటగదిలోంచి వచ్చి, అతని చేతిలోంచి గ్లాసు లాక్కుంది.

"సార్, ఇవాళ ఇది మీరు తాగండి," అని పర్విస్‌కి అందించింది.

జనం ఇదీ ఆటలో భాగమే అనుకుని నవ్వారు. పర్విస్ కూడా నవ్వాడు. "నాకు లెక్కలు చూసుకునే పనుందండీ."

"ఒక్క గుక్క. ఇందులో క్రిములు బతకవన్నారు కదా, భయం దేనికి?"

అతను చెయ్యి చాపలేదు. నవ్వులు ఆగిపోయాయి. ఎల్స్‌పెత్ గది వైపు తిరిగింది. "బుధవారం మీ చోట్లో కూర్చున్నవాళ్ళు తాగగా మిగిలిన ఎంగిలి ఇది. నా కళ్ళారా చూశాను. అంట్లు తోమే ఐనా చూసింది, అబద్ధం ఆడలేదు. పొద్దున కొట్లో అబద్ధం ఆడింది నేను. మీ పులుసు కూడా బుధవారానిదే."

ఒక పెద్దాయన నోట్లోది రుమాల్లోకి ఊసేశాడు. ఒకావిడ నోరు మూసుకుని బయటికి పరిగెత్తింది. కుర్చీలు కీచుమన్నాయి. పది నిమిషాల్లో బస్సు వెళ్ళిపోయింది. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్," అన్నాడు పర్విస్. అప్పటిదాకా మీరు అనేవాడు.

పెరట్లో ఫార్కర్ కిల్టుతోనే నిలబడి ఉన్నాడు, కోపంతో ఆయాసపడుతూ.

"నిన్నెవరు అడిగారే?"

"అన్నయ్యా, అది ఎంగిలి! వాళ్ళ నోళ్ళలోది!"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నా ముక్కు ఇంకా చావలేదే. మూత తీయకుండానే పీపాలో ఏముందో చెప్పినవాణ్ణి. మొదటి రోజు గ్లాసులో బీరు వాసనేసింది. తర్వాతసారి ఎవరిదో మొహానికి రాసుకునే క్రీము. తెలియకుండా తాగాననుకున్నావా?"

ఎల్స్‌పెత్ ఒక అడుగు వెనక్కి వేసింది. "తెలిసే... ఇన్నాళ్ళూ?"

"ఆ క్షణం నలభై మంది నావైపే చూసేవాళ్ళు. బట్టీలో ఉన్నప్పుడు కూడా నావైపు అలా ఎవరూ చూడలేదు." గొంతు తగ్గించాడు. "నువ్వది కూడా లాక్కున్నావ్."

ఆవిడకి తోడబుట్టినవాడి మూతి చూడాలంటేనే రోతగా ఉంది. ఆ రోతని చూసుకుంటే మళ్ళీ తన మీద తనకి రోత.

సోమవారం మాంసం కొట్లో, వరసలో అందరూ వింటుండగా, ఐనా చెప్పింది అక్షరాలా నిజమనీ, తాను పిరికితనంతో తప్పించుకున్నాననీ ఎల్స్‌పెత్ చెప్పింది. ఐనా ఆవిడని క్షమించలేదు, రోడ్డు మీద కనబడితే ఇప్పటికీ తల తిప్పుకునే పోతుంది. బస్సులు రావడం మానేశాయి. చలికాలం రాకుండానే పర్విస్ హోటల్ అమ్మేసి వెళ్ళాడు. వడ్డించే పని పోయిన ఇద్దరు ఆడవాళ్ళు, "కడుపు కొట్టావు కదమ్మా," అని మొహం మీదే అడిగారు.

వేరే చోటు లేక ఎల్స్‌పెత్ అన్నయ్య ఇంటికే మారింది. బడి పిల్లలకి వంట చేసే పని దొరికింది. ఫార్కర్ కప్పుని ఆవిడ సలసల కాగే నీళ్ళతో రెండుసార్లు కడిగేది. అతను చూస్తూ ఉండేవాడు. సెప్టెంబరు దాకా ఇద్దరి మధ్యా ఉప్పు ఇటివ్వమన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

బుధవారాల్లో మాత్రం అతను మంచి కోటు వేసుకుని ఎక్కడికో పోయేవాడు. ఒకరోజు బడి నుంచి వస్తూ చూసింది. వంతెన మీద, రాతి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్వర్‌నెస్ వెళ్ళే యాత్రికుల బస్సొకటి వచ్చింది. అతను వీపు నిటారుగా పెట్టి, టోపీ సర్దుకున్నాడు. కిటికీల్లో ఎవరూ ఇటు తిరగలేదు. బస్సు అతని బూట్ల మీద బురద చిమ్మి పోయింది.

ఎల్స్‌పెత్ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఎంతసేపటి నుంచి ఇక్కడున్నావ్?"

"నీకెందుకు?"

"దగ్గుతున్నావని. పద, బంగాళాదుంపలు ఉడకెయ్యాలి."

"ఖైమా ఉందా?"

"ఉంది."

"మొన్నటిది కాదు కదా?"

ఎల్స్‌పెత్ అతని మొహంలోకి చూసింది. వేళాకోళమాడుతున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో పోల్చుకోలేకపోయింది.

"ఇవాళ పొద్దున తెచ్చిందే," అంది.

అతను తలాడించి, చెల్లెలి కోసం ఆగకుండా ముందు నడిచాడు.