చప్పుడు చేయని చొక్కా

"అమ్మా, నాకు రెక్కలొచ్చాయి!" అని కిచకిచలాడవలసిన చోట ఆమె గొంతులోంచి పదహారేళ్ళ కుర్రాడెవడో మాట్లాడాడు.

హెడ్‌ఫోన్లలో ఆ గొంతు విని ముందుగా ఉలిక్కిపడింది ఆమే. గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి కూడా చూసింది. గోడల నిండా స్పాంజి పలకలు అతికించిన ఆ ఇరుకు గదిలో ఆమె, మైకు, కాగితాలు పెట్టుకునే స్టాండు తప్ప మరేమీ లేవు.

అద్దానికి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు పకపకా నవ్వాడు. "పిట్టమ్మా! పిల్లపిట్టను పంపమంటే దాని మేనమామను పంపారేంటండీ?"

పిట్టమ్మ అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. పిల్లల బొమ్మల సీరియల్‌లో ఏడేళ్ళ పిచ్చుకకు పదకొండేళ్ళుగా గొంతు ఇస్తున్నది ఆమే. ఆ పిచ్చుకకు వయసు పెరగలేదు. ఆమెకు నలభై నాలుగు నిండాయి.

"ఇంకోసారి చేద్దాం బాబూ," అంది. రెండోసారి మధ్యలో గొంతు చీలింది. మూడోసారి అడుక్కు జారిపోయింది. ఈసారి ఇంజనీరు నవ్వలేదు. రికార్డింగు ఆపేశాడు.

నెలాఖరులోగా గొంతు సర్దుకోకపోతే ఇంకెవరినైనా వెతుక్కోవలసి వస్తుందని నిర్మాత ఆ సాయంత్రమే ఫోన్ చేసి, మర్యాదగానే చెప్పాడు.

ఆమె వృత్తికి సంబంధించిన ఒక అలవాటును ఇక్కడే చెప్పాలి. మైకు ముందు బట్టలు మాట్లాడతాయి. పట్టు గరగరమంటుంది, నైలాన్ చిటపటమంటుంది, ఉతికి ఆరేసిన నూలుబట్ట కూడా చెయ్యి కదిపితే కాగితంలా నలుగుతుంది. చప్పుడు చేయని బట్ట ఆమె అనుభవంలో ఒకే ఒక్కటి: ఆమె భర్త వేసుకుని పడుకున్న పాత చొక్కా. రాత్రంతా ఆ ఒంటి వెచ్చదనానికి నలిగి, పొద్దుటికి అది వెన్నలా మెత్తబడేది. ఆయన విప్పీ విప్పగానే అందుకుని తొడుక్కుని స్టూడియోకు బయల్దేరేది. "నా చొక్కాకున్న గిరాకీ నాకు లేదు," అని లెక్కల మాస్టారైన ఆ భర్త వేళాకోళమాడేవాడు.

గొంతు ఒక్కరోజులో మారిపోలేదు. ఏడెనిమిది నెలలుగా అది మెట్టు తరవాత మెట్టు దిగుతూనే ఉంది; మైకు ముందు మాత్రం బలవంతంగా సన్నం చేసి నెట్టుకొచ్చింది. ఫోనెత్తితే పార్సిల్ తెచ్చినవాళ్ళు "సార్" అంటున్నారు. గడ్డం కింద బిరుసు వెంట్రుకలు మొలుస్తుంటే స్నానాల గదిలో గడియ పెట్టుకుని పీకేసుకుంటోంది. ఈ వయసులో మొటిమలు. నెలసరి నిలిచిపోయి నాలుగు నెలలైంది. అన్నిటికీ నెలసరి ఆగే వయసే కారణమని తనకు తానే సర్ది చెప్పుకుంది. భర్తకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. వెంట్రుకల సంగతి మొగుడితో ఎలా చెప్పుకుంటారు?

గొంతు డాక్టరు గొట్టం పెట్టి చూసి, స్వరతంతువులు మందమయ్యాయని చెప్పి, హార్మోన్ల డాక్టరు దగ్గరకు పంపింది. ఈ రెండో డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"మగవాళ్ళలో ఎక్కువగా ఉండే హార్మోను ఆడవాళ్ళలో కూడా కొద్దిగా ఉంటుందమ్మా. మీలో ఉండవలసిన దానికి నాలుగింతలుంది. వయసు వల్ల ఇంత పెరగదు. లోపల కణితి ఏదైనా ఉందేమో చూడాలి."

కణితి అన్న మాట తరవాత డాక్టరు ఏం చెప్పిందో ఆమెకు వినబడలేదు. స్కానింగు ఫలితం వచ్చేదాకా మూడు రోజులు వంటింట్లో ఏ గిన్నె ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియలేదు. ఆ భయం పడలేకే, వెంట్రుకలతో సహా అంతా భర్తకు చెప్పేసింది. ఆయన ముఖం పాలిపోయింది. చొక్కా సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నాలుగో రోజు స్టూడియోలో మరో ప్రయత్నం చేసి, అక్కణ్ణుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్ళింది. మాస్టారు బడికి సెలవు పెట్టి వచ్చాడు.

"కణితి లేదు," అంది డాక్టరు. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. డాక్టరు మాత్రం వదల్లేదు. "మీ ఒంట్లో తయారు కావడం లేదంటే బయటి నుంచి వస్తోందన్నమాట. ఇంట్లో ఎవరైనా హార్మోను మందులు వాడుతున్నారా? క్రీము, జెల్లు లాంటివి?"

"మా ఇంట్లోనా? మావారు ముఖానికి పౌడరు కూడా రాసుకోరండీ," అని నవ్వబోయింది.

పక్క కుర్చీ వైపు తిరిగి చూస్తే మాస్టారు తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఏవండీ?"

"ఏడాదైంది," అన్నాడాయన, హోంవర్కు చేయని పిల్లాడి గొంతుతో. "ఊరికే నీరసం. పాఠం చెబుతూ కునికేవాణ్ణి. పరీక్ష చేసి నాలో ఆ హార్మోను తక్కువైందన్నారు. జెల్ ఇచ్చారు. పడుకోబోయే ముందు భుజాలకు రాసుకుంటాను."

"ఏడాదా!"

"సిగ్గేసింది."

డాక్టరు ముందుకు వంగింది. "రాసుకున్నాక జాగ్రత్తలేమైనా చెప్పారా?"

లెక్కల మనిషికి ఆ ప్రశ్న ప్రాణం పోసినట్టయింది. "అన్నీ పాటించానండీ! చేతులు సబ్బుతో కడుక్కున్నాను. జెల్ ఆరనిచ్చాను. ఇంట్లో ఎవరికీ అంటకుండా భుజాలు బట్టతో కప్పుకోమన్నారు. ఒక్కరోజు కూడా తప్పకుండా చొక్కా తొడుక్కునే..."

 నెమ్మదిగా తలెత్తి భార్య వైపు చూశాడు. ముఖం వైపు కాదు, భుజాల వైపు.

నీలి చారల చొక్కా. మోచేతుల దాకా మడిచిన చేతులు. ఆ పొద్దున ఆయన విప్పీ విప్పగానే అందుకున్నది.

 ఆమె కాలరు పట్టుకుని, ఒంటి మీద తేలు పాకినట్టు, ఆ బట్టను చర్మం నుంచి దూరంగా లాగి పట్టుకుంది. అక్కడే బొత్తాలు విప్పబోయింది. నర్సు వచ్చి, తెర చాటున ఆస్పత్రి గౌను తొడిగింది.

"ఏడాదిగా," అంది ఆమె తెర వెనకనుంచి, ఆ మగగొంతుతోనే, "వారానికి అయిదు రోజులు."

డాక్టరు వివరంగా చెప్పింది. చొక్కాకు అంటిన జెల్ రోజూ ఆమె చర్మంలోకి ఇంకుతూ వచ్చింది. మాస్టారికి ఆ మందు అవసరమే. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. తనంతట తాను మానేయకుండా, రాసిచ్చిన డాక్టరునడిగి ఇంజెక్షన్‌కు మారాలి. ఆయన బట్టలు, దుప్పట్లు ఉతకకుండా ఆమె ముట్టుకోకూడదు. నెలసరి తిరిగి వస్తుంది, మొటిమలు పోతాయి, వెంట్రుకలు మెల్లగా తగ్గుతాయి.

"గొంతు?"

డాక్టరు కాగితాలు పక్కన పెట్టింది. "మందమైన తంతువులు అన్నిసార్లూ మళ్ళీ పలచబడవమ్మా. చూద్దాం."

బయట నడవాలో మాస్టారు గోడకు ఆనుకున్నాడు. "నేనే నీ గొంతు..." అని ఆగిపోయాడు.

"ఒక్క మాట చెప్పి ఉంటే..." అనబోయి ఆమె కూడా ఆగింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, రెండు తలుపుల వెనక గడియ పెట్టుకుని, ఒకే హార్మోనును దాచుకున్నారు. తలుచుకుంటే నవ్వు రావలసిన సంగతే. రాలేదు. "మీరు రాసుకున్నదీ చెప్పలేదు, నేను పీక్కున్నదీ చెప్పలేదు. పదండి ఇంటికి."

నిర్మాత గడువు పొడిగించాడు. మూడు నెలలకు రక్తపరీక్ష సరిగ్గా వచ్చింది. నెలసరి వచ్చింది. సూది చూస్తేనే కళ్ళు మూసుకునే మాస్టారు క్రమం తప్పకుండా ఇంజెక్షన్ వేయించుకుంటున్నాడు. మందుల చీటీలన్నీ భోజనాల బల్ల మీదే, ఇద్దరికీ కనిపించేలా ఉంటున్నాయి.

చివరి ప్రయత్నానికి ఆమె తన కొలతకు కుట్టించుకున్న మెత్తని అల్లిక బట్ట వేసుకుని మైకు ముందు నిలబడింది. ఇంజనీరు ముందుగా పదకొండేళ్ళనాటి మొదటి భాగం వినిపించాడు. గాజుముక్కలా మెరిసే ఆ గొంతు తనదేనంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మా, నాకు రెక్కలొచ్చాయి!"

కుర్రాడు లేడు. పిట్ట కూడా లేదు. నడివయసు ఆడమనిషి గొంతు, కాస్త బొంగురుగా, కొంచెం బరువుగా.

"ఇంకోసారి వేద్దామా పిట్టమ్మా?" ఇంజనీరు గొంతులో వేళాకోళం లేదు.

"వద్దు బాబూ. ఇది తిరిగిరాదు. ఇంకో పిల్లను వెతకమని చెప్పు." హెడ్‌ఫోన్లు తీసి, వైరు చుట్టి, స్టాండుకు తగిలించింది. 

బయట బెంచీ మీది మాస్టారు లేచి నిలబడ్డాడు.  ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఏదో అనబోయేలోగా ఆమె సంచీలో ఫోను మోగింది. తీసి, "హలో," అంది.

"పార్సిలండీ. సార్, ఇంట్లో ఉన్నారా?"

ఆ మాటకు ఆమె ఇప్పుడూ ఉలిక్కిపడింది. భర్త ఫోను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"సార్ కాదు బాబూ," అంది, ఆ కొత్త గొంతును ఏమాత్రం సన్నగా చేయకుండా. "అమ్మగారిని. అరగంటలో వస్తాం, ఉండు."